పిటిషన్ వేసిన అక్క కన్నుమూస్తే తమ్ముడి గ్రీన్‌కార్డు ఏమవుతుంది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. అమెరికా పౌరసత్వం ఉన్న మా అక్క 2007 మే నెలలో నా పేరున ఐ-130 పిటిషన్ (బంధువుకు గ్రీన్‌కార్డు కోరుతూ వేసేది) వేసింది. 2011 ఫిబ్రవరిలో అది ఆమోదం పొందింది. అప్పటి నుంచి ఎఫ్-4 వరుసలో, అంటే అమెరికా పౌరుల తోబుట్టువుల వరుసలో, ఎదురుచూస్తున్నాం. ఎవరి వంతు ఎంతదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌లో మన దేశపు తేదీ 2006లో నడుస్తోంది, ఇక మన వంతు దగ్గరపడిందని అనుకుంటుండగా మొన్న జూన్‌లో అక్క గుండెపోటుతో పోయింది. బావగారికి 68 ఏళ్ళు. ఆయనా అమెరికా పౌరుడే, న్యూజెర్సీలో ఉంటారు. మేనల్లుడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం. అక్క పోయిన సంగతి ఎక్కడా చెప్పవద్దని, కాగితాలు వచ్చినప్పుడు చూసుకుందామని ఇక్కడి కన్సల్టెన్సీ ఆయన అంటున్నాడు. పిటిషన్‌ను బావగారి పేరు మీదికి మార్పించుకోవచ్చని ఇంకొకరు చెప్పారు. నా భార్య ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. అమెరికా వెళ్ళిపోతామన్న నమ్మకంతో స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు రాసి పెట్టుకుంది. అబ్బాయికి 16 ఏళ్ళు. అమ్మాయికి 19. నిరుడు ఆగస్టు నుంచి అక్కావాళ్ళింట్లోనే ఉండి డిగ్రీ చదువుతోంది. వేసవి సెలవులకు ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడే వాళ్ళ అత్త పోవడంతో దానికి కడసారి చూపు కూడా దక్కలేదు. మా పిటిషన్ ఇక ముగిసిపోయినట్టేనా?

సమాధానం: తోబుట్టువును పోగొట్టుకున్న బాధలో ఉండి ఇలాంటి లెక్కలు చూసుకోవలసి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ అక్కయ్యగారు మీ కోసం వేసిన పిటిషన్ గురించి ఇప్పుడు ఆలోచించడంలో తప్పేమీ లేదు. అది ఆవిడ కోరుకున్న పనే. ఆలస్యం చేస్తే మాత్రం నష్టం జరగవచ్చు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ముందు చేదు మాట. అమెరికా వలస నిబంధనల ప్రకారం, పిటిషన్ వేసిన వ్యక్తి లబ్ధిదారు వలసదారుగా ఆ దేశంలో అడుగుపెట్టకముందే మరణిస్తే, అంతకుముందు ఇచ్చిన ఆమోదం దానంతటదే రద్దయిపోతుంది. ఎవరో అధికారి ఫైలు తెరిచి సంతకం పెడితే జరిగే రద్దు కాదిది. మరణంతోపాటే జరిగిపోతుంది. మీకు నోటీసు రాకపోవచ్చు. ఆమోదం పొందిన కేసుల ఫీజులు, పత్రాలు చూసే నేషనల్ వీసా సెంటర్ కంప్యూటర్లో మీ కేసు ఎప్పటిలాగే కనిపించవచ్చు, ఫీజు కట్టమని ఈమెయిల్ కూడా రావచ్చు. అలాంటి ఉత్తరం వచ్చినంత మాత్రాన పిటిషన్ బతికి ఉన్నట్టు కాదు. మరణవార్త ఆ కార్యాలయానికి ఇంకా చేరలేదని మాత్రమే దాని అర్థం. చాలా కుటుంబాలు ఈ ఒక్క చోట పొరబడి, ఫీజులు కట్టి, పత్రాలు పంపి, ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతాయి.

అయితే రద్దయిన ఆమోదాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి చట్టంలో రెండు దారులున్నాయి. మీ ఉత్తరాన్ని మొదటిసారి చదివినప్పుడు మీకు రెండో దారి ఒక్కటే మిగిలిందనుకున్నాను. చివర్లో మీ అమ్మాయి గురించి మీరు రాసిన మాటలు చదివాక మొదటి దారి కూడా తెరిచి ఉండే అవకాశం గట్టిగా కనిపించింది. మీరు బాధతో రాసిన ఆ మాటలే మీ కేసుకు ఆయువుపట్టు కావచ్చు. అందుకే దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

2009 అక్టోబర్ 28న అమెరికా వలస చట్టంలో 204(ఎల్) అనే కొత్త సెక్షన్ చేరింది. అంతకుముందు పిటిషనర్ మరణిస్తే, దశాబ్దాలుగా ఆ దేశంలోనే బతుకుతున్న లబ్ధిదారులు కూడా దిక్కులేనివారయ్యేవారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి ఈ సెక్షన్ వచ్చింది. దీని ప్రకారం, పిటిషనర్ మరణించిన నాటికి లబ్ధిదారు అమెరికాలో నివసిస్తూ ఉండి, ఆ తరువాత కూడా అక్కడే నివసిస్తూ ఉంటే, మరణం జరిగినప్పటికీ పిటిషన్‌ను ఆమోదించవచ్చు, అప్పటికే ఆమోదం పొంది ఉంటే దాన్ని పునరుద్ధరించవచ్చు. మీరు రాజమహేంద్రవరంలో ఉంటున్నారు కాబట్టి ఇది మీకు వర్తించదని ఎవరైనా పైపైన చూసి చెప్పేస్తారు. కానీ ఈ సెక్షన్ కింద ప్రధాన లబ్ధిదారు ఒక్కరినే చూడరు. ఆయన భార్య, 21 ఏళ్ళలోపు అవివాహితులైన పిల్లలు కూడా, అంటే వలస భాషలో డెరివేటివ్‌లు అనేవారు కూడా, లబ్ధిదారులే. వీరిలో ఏ ఒక్కరు నివాస నియమాన్ని నెరవేర్చినా ఆ పిటిషన్ కింద ఉన్న కుటుంబమంతటికీ ప్రయోజనం దక్కుతుందని, ప్రతి ఒక్కరూ విడివిడిగా అమెరికాలో నివసిస్తూ ఉండనక్కరలేదని వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ తన విధానంలోనే చెప్పింది. మీ అమ్మాయి 19 ఏళ్ళ అవివాహిత, మీ పిటిషన్‌లో డెరివేటివ్. వాళ్ళ అత్త పోయే నాటికి అమ్మాయి ఉంటున్న ఇల్లు న్యూజెర్సీలో ఉంది.

ఆ సమయంలో అమ్మాయి ఇక్కడ సెలవుల్లో ఉందన్నది మీకు అడ్డుగా తోచవచ్చు. చట్టం అడిగేది నివాసం గురించి. ఆ రోజు మనిషి ఏ గడ్డ మీద ఉన్నారన్నది ప్రశ్న కాదు. వాస్తవంగా ఎక్కడ ఇల్లు పెట్టుకుని బతుకుతున్నారో అదే నివాసం. మనసులో ఏ ఉద్దేశం ఉందన్నది కూడా ఆ నిర్వచనంలోకి రాదు. తాత్కాలికంగా పరదేశం వెళ్ళి ఉన్నంత మాత్రాన నివాసం పోదని యూఎస్‌సీఐఎస్ మార్గదర్శకాలు అంగీకరిస్తాయి. అయితే దీన్ని కాగితాలతో చూపాలి. అమ్మాయి కాలేజీ నమోదు పత్రాలు, విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం, ఆ ఇంటి చిరునామాతో వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, న్యూజెర్సీ డ్రైవింగ్ లైసెన్సు ఉంటే దాని నకలు, మే నెలలో రానుపోను కలిపి తీసుకున్న విమాన టికెట్, ఆగస్టులో తిరిగి వెళ్ళినట్టు పాస్‌పోర్టు మీది ముద్ర, ఆమె తన ఇంట్లోనే ఉంటోందని బావగారు రాసిచ్చే అఫిడవిట్ ఇవన్నీ ఇప్పుడే ఒక చోట చేర్చండి. ముఖ్యంగా ఆ తిరుగు టికెట్‌ను పారేయకండి. సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళవలసిన మనిషి అనడానికి అంతకంటే తేలికైన రుజువు దొరకదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. అమ్మాయి విద్యార్థి వీసా మీద ఉంది. ఆ వీసా స్వదేశంలో ఇల్లు వదులుకోలేదని చెప్పి తీసుకునే వీసా. అదే మనిషి నివాసం అమెరికాలో ఉందని 204(ఎల్) కింద చెప్పబోతున్నారు. చట్టం ఈ రెండు మాటలను వేరువేరు అర్థాలలో వాడుతుంది కాబట్టి రెంటికీ వైరుధ్యం లేదని న్యాయవాది వాదించగలరు. అయినా వీసా అధికారి ముందు ఇది ప్రశ్నగా రావచ్చు. కనుక అమెరికా వలస న్యాయవాదితో మాట్లాడకుండా అమ్మాయి మళ్ళీ ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు, వీసా స్టాంపింగ్‌కు వెళ్ళవద్దు. రెండోది, ఆ నివాసం మరణం నాటికి ఉంటే చాలదు, కొనసాగాలి. అత్త లేని ఇంట్లో ఎలా ఉంటుందని మీరు చదువు మాన్పించి తీసుకువచ్చేస్తే ఈ దారి మూసుకుపోతుంది. హాస్టల్‌కు మారినా, స్నేహితులతో గది తీసుకున్నా ఫరవాలేదు, నివాసం అమెరికాలో ఉంటే చాలు.

రెండో దారి మానవతా ప్రాతిపదికన పునరుద్ధరణ. లబ్ధిదారులెవరూ అమెరికాలో లేని కుటుంబాలకు మిగిలేది ఇదే. ఇది ఆమోదం పొందిన పిటిషన్లకే వర్తిస్తుంది. పిటిషనర్ పోయేనాటికి పిటిషన్ ఇంకా పెండింగ్‌లో ఉండి, 204(ఎల్) కూడా వర్తించకపోతే దాన్ని తిరస్కరించక తప్పదు. మీకు 2011లోనే ఆమోదం వచ్చింది కాబట్టి ఆ చిక్కు లేదు. దీనికి ప్రత్యేక ఫారం లేదు, ఫీజు లేదు. పిటిషన్‌ను ఆమోదించిన యూఎస్‌సీఐఎస్ కార్యాలయానికి రాతపూర్వకంగా విజ్ఞప్తి చేసుకోవాలి. ఆ విజ్ఞప్తి ప్రధాన లబ్ధిదారు చేసుకోవాలి, అంటే మీరే సంతకం పెట్టాలి. పునరుద్ధరణ దొరికితే మీ 2007 మే నాటి తేదీ మీకే ఉంటుంది. ఇన్నేళ్ళ నిరీక్షణ నిలిచేది అక్కడే.

దొరకాలన్న హక్కు మాత్రం లేదు. అధికారి తన విచక్షణతో నిర్ణయిస్తారు. అమెరికాలో ఉన్న కుటుంబానికి, ముఖ్యంగా పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు కలిగే ఇబ్బంది, వయసు, ఆరోగ్య సమస్యలు, అక్కడ చట్టబద్ధంగా గడిపిన కాలం, స్వదేశంతో ఉన్న బంధాలు, ప్రభుత్వం వైపు నుంచి జరిగిన అసాధారణమైన జాప్యం వంటివన్నీ వారు తూచి చూస్తారు. మనవాళ్ళు రాసే విజ్ఞప్తులు కొన్ని చూశాను. నాలుగు పేజీల నిండా దుఃఖం ఉంటుంది గాని ఒక్క రుజువూ ఉండదు. మీ విషయంలో చెప్పవలసింది బావగారి గురించి. ఆయనకు 68 ఏళ్ళు, భార్య పోయింది, కొడుకు వేరే రాష్ట్రంలో ఉన్నాడు. ఆయనకు ఏదైనా జబ్బు ఉంటే డాక్టరు ఉత్తరం, ఆసుపత్రి కాగితాలు, ఇన్నాళ్ళూ ఆయన మందులూ ప్రయాణాలూ అక్కయ్యగారే చూసేవారన్న అఫిడవిట్, ఇప్పుడు ఆ పని చేసేవారు లేరన్న కొడుకు మాట, ఇవి ఒక్కొక్కటీ నాలుగు పేజీల విన్నపం కంటే బరువైనవి. విజ్ఞప్తి ఉత్తరం రెండు పేజీలు దాటనక్కరలేదు. మీ పేరు, అక్కయ్యగారి పేరు, పిటిషన్ రసీదు సంఖ్య, ఆమోదం తేదీ, మరణం తేదీ మొదటి పేరాలో రావాలి. ఆ తరువాత మీరు కోరేది 204(ఎల్) కింద పునరుద్ధరణ అని, అది కుదరని పక్షంలో మానవతా ప్రాతిపదికన పునరుద్ధరణ అని స్పష్టంగా రాయాలి. రెంటినీ ఒకే ఉత్తరంలో ఆ వరుసలో అడగడం మంచిదని నా అభిప్రాయం.

ఏ దారిలో వెళ్ళినా తప్పని పత్రం ఒకటుంది. అది ఐ-864, అంటే మీ కుటుంబం ప్రభుత్వం మీద భారం కాదని హామీ ఇచ్చే ఒప్పందం. మామూలుగా పిటిషన్ వేసినవారే దాని మీద సంతకం పెడతారు. వారు లేనప్పుడు ప్రత్యామ్నాయ స్పాన్సర్ సంతకం పెట్టవచ్చని 2002 మార్చిలో వచ్చిన చట్టం వీలు కల్పించింది. ఆ స్పాన్సర్ 18 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయి ఉండాలి, మీకు చట్టం చెప్పిన బంధువై ఉండాలి. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు, కోడళ్ళు, బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్ళు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు, చట్టబద్ధ సంరక్షకులు ఆ జాబితాలో ఉన్నారు. మేనల్లుడు లేడు. పినతండ్రి, మేనమామ, పిన్ని, మేనత్త, వారి పిల్లలు కూడా లేరు. మన ఇళ్ళలో మేనమామకు మేనల్లుడంటే కొడుకుతో సమానం. బాగా సంపాదిస్తున్న మేనల్లుడు ఉన్నాడని చాలామంది అతని చేతే ఐ-864 నింపించి పంపిస్తారు. ప్రత్యామ్నాయ స్పాన్సర్‌గా అతను చెల్లడు. మీకు బావగారు ఉన్నారు. ఆయన చెల్లుతారు.

ఇక ఆదాయం సంగతి. స్పాన్సర్ ఆదాయం వారి ఇంటి మనుషులనూ వలస వచ్చేవారినీ కలిపి లెక్కవేసిన పేదరిక పరిమితికి 125 శాతం ఉండాలి. బావగారు ఒక్కరు, మీరు నలుగురు, మొత్తం ఐదుగురు. 2025 లెక్కల ప్రకారం న్యూజెర్సీలో ఐదుగురి కుటుంబానికి ఆ మొత్తం ఏడాదికి 47,062 డాలర్లు. ఇది ఏటా పెరుగుతుంది. బావగారు పదవీ విరమణ చేసి పింఛను, సోషల్ సెక్యూరిటీ మీద ఉంటే అది చాలకపోవచ్చు. మేనల్లుడు ఉపయోగపడేది ఇక్కడే. ప్రత్యామ్నాయ స్పాన్సర్ ఆదాయం సరిపోనప్పుడు జాయింట్ స్పాన్సర్‌ను చేర్చుకోవచ్చు. జాయింట్ స్పాన్సర్‌కు మీతో బంధుత్వం ఉండాలన్న నియమం లేదు. అంటే బావగారు ప్రత్యామ్నాయ స్పాన్సర్‌గా, మేనల్లుడు జాయింట్ స్పాన్సర్‌గా చెరొక ఐ-864 ఇవ్వవచ్చు. బావగారిని అడిగేముందు ఆయనకు ఒక విషయం విడమరిచి చెప్పడం మీ బాధ్యత. అది మర్యాద కోసం పెట్టే సంతకం కాదు. మీరు పౌరసత్వం పొందేదాకా, లేదా మీ ఖాతాలో సుమారు పదేళ్ళ పనికి సమానమైన 40 త్రైమాసికాలు జమ అయ్యేదాకా ఆ హామీకి ఆయన చట్టప్రకారం కట్టుబడి ఉంటారు. భార్య పోయిన మనిషి దగ్గరకు వెళ్ళి, ఆ మాట చెప్పకుండా సంతకం తీసుకోవడం న్యాయం కాదు.

పిటిషన్‌ను బావగారి పేరు మీదికి మార్చుకోవచ్చన్న సలహా పూర్తిగా తప్పు. అమెరికా చట్టంలో పౌరులు తమ తోబుట్టువులకు పిటిషన్ వేయవచ్చు గాని భార్య తమ్ముడికి వేయలేరు. ఒకరి పిటిషన్ ఇంకొకరి పేరుకు బదిలీ కాదు. అక్కడ పౌరసత్వం ఉన్న మరో అన్నో తమ్ముడో అక్కో చెల్లెలో మీకు ఉంటే వారు కొత్తగా ఎఫ్-4 వేయగలరు. కానీ 2007 నాటి తేదీ ఆ కొత్త పిటిషన్‌కు రాదు, వరుస చివర నిలబడాలి. ప్రపంచం మొత్తానికి ఏటా 65,000 వీసాలుండే ఆ వరుసలో మన దేశానికి ఎంత కాలం పడుతుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కన్సల్టెన్సీ ఆయన మాట గురించి కొంత గట్టిగా చెప్పాలి. దయచేసి ఆ సలహా వినకండి. అక్కయ్యగారి మరణాన్ని దాచి ముందుకు వెళితే, ఏదో ఒక దశలో ఆవిడ సంతకం ఉన్న ఐ-864 కావలసి వస్తుంది. ఆ సంతకం ఎవరు పెడతారు? దానితో ఇది దాచడం దాటి ఫోర్జరీ అవుతుంది. ముంబై ఇంటర్వ్యూలో పిటిషనర్ ఎలా ఉన్నారని అడిగితే మీరు, మీ భార్య అబద్ధం చెప్పవలసి వస్తుంది. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవారికి అమెరికాలో జీవితకాల నిషేధం ఉంది. పొరపాటున వీసా చేతికొచ్చినా అది గట్టిది కాదు. ఐదేళ్ళ తరువాత పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు మరణం తేదీ, మీరు ప్రవేశించిన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది. అప్పుడు గ్రీన్‌కార్డు పోయి దేశ బహిష్కరణ విచారణ ఎదుర్కోవలసి వస్తుంది. అప్పటికి మీ అబ్బాయి అక్కడ చదువుకుంటూ ఉంటాడు. చట్టం తెరిచి ఉంచిన రెండు దారులు మీ ముందుండగా మూడో దారి ఎందుకు? ఆ సలహా ఇచ్చిన ఆయన ఆ రోజు మీ పక్కన ఉండడు. అమెరికా వలస వ్యవహారాలలో న్యాయ సలహా ఇచ్చే అధికారం అక్కడ లైసెన్సు ఉన్న న్యాయవాదులకు, అక్కడి న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధులకు మాత్రమే ఉంది. అమెరికన్ ఇమిగ్రేషన్ లాయర్స్ అసోసియేషన్ సభ్యుల జాబితా నుంచి 204(ఎల్) కేసులు చేసిన ఒకరిని వెతికి పట్టుకోమని మేనల్లుడికి చెప్పండి.

ఈ వారంలో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. నేషనల్ వీసా సెంటర్ నుంచి వచ్చే ఉత్తరాలు అక్కయ్యగారి ఈమెయిల్‌కు వెళ్తూ ఉండవచ్చు. ఆ ఖాతా మూతపడకముందే బావగారిని దాన్ని తెరిచి చూడమనండి, పాత ఉత్తరాలన్నిటికీ నకళ్ళు తీయించండి. ఇంట్లో ఏదో ఒక ఫైలులో 2011 నాటి ఆమోదపు నోటీసు ఐ-797 ఉంటుంది. దానిమీదున్న రసీదు సంఖ్య లేకపోతే విజ్ఞప్తి ముందుకు కదలదు. న్యూజెర్సీ మరణ ధ్రువీకరణ పత్రం ధ్రువీకరించిన నకళ్ళు నాలుగైదు తీసుకోవాలి. ఆ పత్రంలో ఆవిడ పేరు, పిటిషన్‌లో ఆవిడ పేరు, మీ పుట్టింటి రికార్డుల్లో ఆవిడ పేరు మూడూ ఒకటేనా అన్నది చూడండి. మన ఆడపడుచుల పేర్లు పుట్టింటి ఇంటిపేరుతో పదో తరగతి మెమోలో, అత్తింటి ఇంటిపేరుతో పాస్‌పోర్టులో, ఇంటిపేరు చివరికి మారి అమెరికా కాగితాల్లో మూడు రకాలుగా ఉండటం మామూలే. ముగ్గురూ ఒకరేనని చెప్పే అఫిడవిట్ ఇప్పుడే సిద్ధం చేసుకోవడం మంచిది. మీ ఇద్దరి పుట్టుక నమోదు కాకపోయి ఉంటే మున్సిపాలిటీ నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు పదో తరగతి మెమో, పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు కావాలి. ఆ పెద్దలు ఇప్పుడు ఎనభైలలో ఉంటారు, కనుక వాటిని ముందు తీసుకోండి.

ఇలాంటి కష్టంలో ఉన్న మరికొందరు కూడా ఇది చదువుతారు కనుక వారికి రెండు మాటలు. అమెరికా పౌరుడైన భర్తో పౌరురాలైన భార్యో మరణిస్తే దారి ఇంతకంటే సులువు. బతికి ఉన్న జీవిత భాగస్వామి కోసం వేసిన ఐ-130 దానంతటదే ఐ-360గా, అంటే వారు సొంతంగా వేసుకునే పిటిషన్‌గా, మారుతుంది, ఐ-864 అవసరం ఉండదు. పిటిషన్ అసలు వేయకపోయి ఉంటే మరణించిన రెండేళ్ళలోపు సొంతంగా ఐ-360 వేసుకోవచ్చు. గ్రీన్‌కార్డు వచ్చేలోపు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాత్రం ఆ హక్కు పోతుంది. గ్రీన్‌కార్డుదారు భార్యకు లేదా భర్తకు ఈ సౌకర్యం లేదు, వారు పైన చెప్పిన రెండు దారుల్లోనే రావాలి. హెచ్-1బి మీద ఉన్న భర్త పోతే ఆయన ఉద్యోగ పిటిషన్ కింద డెరివేటివ్‌గా ఉన్న భార్యకు, అమెరికాలో నివసిస్తూ ఉంటే, 204(ఎల్) రక్ష ఉంటుంది. కానీ హెచ్-1బి ఉద్యోగి భార్యగా ఆవిడకున్న హెచ్-4 హోదా భర్తతోనే ముగిసిపోతుంది. పిటిషన్ నిలబడటం వేరు, ఆ దేశంలో ఉండే హక్కు నిలబడటం వేరు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్ల జాతి విద్వేషపు కాల్పుల్లో హతుడైనప్పుడు, అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చిన ఆయన భార్య తిరిగి అమెరికా వెళ్ళే హక్కే ప్రశ్నార్థకమై అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లోని ఒక సభ్యుడు జోక్యం చేసుకోవలసి వచ్చింది. అలాంటి స్థితిలో ఉన్నవారు దేశం దాటకముందే న్యాయవాదితో మాట్లాడటం అవసరం.

మళ్ళీ మీ విషయం. పిల్లల వయసు గురించి మీరు అడగలేదు గాని, అది తెలియక నష్టపోయినవారున్నారు. వీసా నంబరు అందే రోజుకు అమ్మాయికి ఉన్న వయసులో నుంచి, పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలాన్ని, అంటే 2007 మే నుంచి 2011 ఫిబ్రవరి దాకా ఉన్న మూడేళ్ళ తొమ్మిది నెలలను, తీసివేస్తారు. మిగిలింది 21 ఏళ్ళలోపు ఉంటే ఆమె మీతోపాటు రావచ్చు. నంబరు అందిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. ఆమెకు పెళ్ళయితే మాత్రం వయసు లెక్క ఎలా ఉన్నా డెరివేటివ్‌గా ఉండదు. కుటుంబమంతటికీ ఆధారమైన నివాసం ఆమెదే అయినప్పుడు ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవలసిన సంగతి. ఎవరైనా మంచి సంబంధమని వచ్చినా ఇది తేలేదాకా ఆగమని చెప్పండి.

విజ్ఞప్తిని తిరస్కరిస్తే దాని మీద అప్పీలు లేదు. కొత్త ఆధారాలుంటే మళ్ళీ విజ్ఞప్తి చేసుకోవచ్చు. అందుకే మొదటిసారే అన్నీ చేర్చి పంపడం ముఖ్యం. నిర్ణయం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పలేం. పునరుద్ధరణ వచ్చినా మీ తేదీ వచ్చేదాకా ఆగాలి, ఆ తరువాత పత్రాలు, వైద్య పరీక్షలు, ఇంటర్వ్యూ ఉంటాయి. కాబట్టి మీ శ్రీమతిగారి స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తును ఇప్పుడు ఇవ్వవద్దు. పాస్‌పోర్టుల మీద వలస వీసాలు పడ్డాక కూడా ప్రయాణానికి సాధారణంగా కొన్ని నెలల గడువు ఉంటుంది. శాఖ నియమాల ప్రకారం ఎంత ముందు నోటీసు ఇవ్వాలో ఆవిడ కార్యాలయంలో కనుక్కుని, ఆ గడువును బట్టి అప్పుడు ఇచ్చుకోవచ్చు.